ఆర్తురో టోస్కనీని

మా పాఠశాలలో ఉదయప్రార్థన వేళ హార్మోనియము వాయించువారు ఏ కారణముచేతనైనను రాని దినములు కొన్ని కలవు. అట్టి దినమున మేము వేదికమీద నిలిచి విద్యార్థులవైపు చూచి, వాయింపగలవారెవరైన నున్నారా యని అడుగుదుము. వెంటనే తలలన్నియు వంగును. ఎప్పుడో యొకసారి వెనుకవరుసలోనుండి ఒక బాలుడు లేచి మెల్లగా నడచివచ్చి హార్మోనియము ముందు కూర్చుండును. ఆ బాలుడు ఆ కీర్తన నేర్చినది ఎప్పుడు? మేము అడిగిన నిమిషమున కాదు. ఎవరును చూడని సాయంకాలములలో, ఎవరును అడుగకుండగనే నేర్చియుండెను. పిలుపు వచ్చుట ఒక నిమిషపు పని. ఆ పిలుపునకు సిద్ధపడుట అనేక సంవత్సరముల పని. ఈ సత్యమును తన జీవితమున చూపిన ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్రమును ఈ సంవత్సరము మా పత్రిక చదువరుల కర్పించుచున్నాము.

అతడు ఇటలీ దేశమున బుట్టి లోకమంతట కీర్తి గాంచిన వాద్యనాయకుడు ఆర్తురో టోస్కనీని. పాశ్చాత్య సంగీతమునందు వాద్యనాయకుని పని యెట్టిదో ముందుగా చెప్పవలసియున్నది. మన కచ్చేరీలో పాటకుడే నాయకుడు. ఫిడేలును మృదంగమును అతనిని అనుసరించును. పాశ్చాత్యుల ఆపెరా యన్ననో ఒక సంగీతనాటకము. అందు పాత్రధారులు మాటలాడుటకు బదులు పాడుదురు. రంగస్థలమునకు ముందుగా పదులకొలది వాద్యకారులు కూర్చుండి వాయింతురు. బృందగాయకులు వేరుగా నుందురు. ఇంతమందిని ఒక్క లయయందు నడుపుటకై ఒకడు ఎత్తైన పీఠముమీద నిలిచి, సన్నని కోలతో సైగలు చేయుచుండును. అతని చేతిలో ఒక్క స్వరమైనను పలుకదు. అయినను అతడు తప్పిన అందరును తప్పుదురు. అన్ని వాద్యముల స్వరములును ఒకదాని క్రింద నొకటిగా వ్రాయబడిన పెద్ద స్వరపుస్తకము అతని యెదుట నుండును.

టోస్కనీని 1867వ సంవత్సరము మార్చి 25వ తేదీన పార్మా పట్టణమున జన్మించెను. తండ్రియగు క్లాడియో కుట్టుపనివాడు. ఆయన యౌవనమున గారిబాల్డీ దండులో చేరి, ముక్కలై పరాధీనమైయున్న ఇటలీని ఏకము చేయుటకు పోరాడెను. ఆ వీరత్వము గొప్పదేగాని, దానివలన ఇంట బియ్యపు కుండ నిండునా? దారిద్ర్యము ఆ కుటుంబమును విడువలేదు. పిల్లవాడు ప్రాథమిక పాఠశాలలో చదువుచుండగా, పద్యమును ఒక్కసారి చదివిన మాత్రమున అప్పగించు అతని శక్తిని ఒక ఉపాధ్యాయిని కనిపెట్టి, ఇతనిని సంగీతశాలకు పంపుడని తలిదండ్రులకు చెప్పెనట. ఆమె మాటయే ఆ బాలుని దారి మార్చెను. ఉపాధ్యాయవృత్తియందున్న మేము ఈ చరిత్రమున మొట్టమొదట తల వంచి నమస్కరించునది ఆమెకే. తరగతిలో నలుబదిమంది కూర్చుండియుండగా అందొకని వరమును గుర్తించుట, గుర్తించిన పిమ్మట నోరు విప్పి ఇంటివారికి చెప్పుట, చిన్న పని కాదు.

1876వ సంవత్సరమున, తొమ్మిదేండ్ల వయస్సున, టోస్కనీని పార్మాలోని ప్రభుత్వ సంగీతశాలలో చేరెను. అచట అతనికి నేర్ప నిర్ణయించిన వాద్యము చెల్లో. అది ఫిడేలు జాతికి చెందినదేగాని మిక్కిలి పెద్దది; దానిని నేలమీద నానించి, మోకాళ్ల నడుమ నుంచుకొని వాయింతురు. ఆ సంగీతశాలలోని వసతిగృహపు జీవితము కఠినమైనది. భోజనము చాల సామాన్యమైనది. అట్టి భోజనములోని తన వంతు మాంసమును తోటివారికి అమ్మి, ఆ డబ్బుతో స్వరపుస్తకములు కొనెడివాడని చెప్పుదురు. తన వాద్యమునకు సంబంధించిన భాగము మాత్రమే నేర్చుకొని తృప్తిపడక, తక్కిన వాద్యములన్నియు ఏమి పలుకుచున్నవో, గాయకులు ఏమి పాడుచున్నారో, అంతయు చదివి కంఠస్థము చేయుచుండెను. అందులకు మార్కులు లేవు; పరీక్షకు అది అక్కరలేదు. 1885వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల వయస్సున, చెల్లో వాద్యమునందును సంగీతరచనయందును అత్యున్నత యోగ్యతతో నతడు ఉత్తీర్ణుడయ్యెను.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. టోస్కనీనికి హ్రస్వదృష్టి. బల్లమీద నున్న పుస్తకమును చదువవలెనన్న ముఖమును దానికి మిక్కిలి దగ్గరగా చేర్పవలసివచ్చుచుండెను. ఇట్టి లోపముగలవాడు వాద్యకారుల మధ్య నెట్లు నెగ్గగలడని ఎవరైనను సందేహింతురు. అతడో, కన్ను చేయలేని పనిని మనస్సుచేత చేయించెను. పుస్తకము కనబడదు గనుక పుస్తకమునే లోపల వ్రాసికొనెను. దేవుడొక ద్వారమును ఇరుకు చేసినపుడు వేరొక ద్వారమును వెదకుట మనుష్యుని విధి యని మేము మా విద్యార్థులకు చెప్పుచుందుము. దానికి ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

పట్టము పుచ్చుకొన్న మరుసటి సంవత్సరము ఒక ఇటాలియను ఆపెరా సమాజము దక్షిణ అమెరికాకు ప్రయాణమయ్యెను. మన నాటక సమాజములు ఊరూర డేరాలు వేసి ఆడినట్లే, ఆ కాలమున ఇటలీ సమాజములు ఓడలెక్కి సముద్రముల కావల నున్న పట్టణములలో ఆడివచ్చెడివి. టోస్కనీని ఆ సమాజమున చెల్లో వాయించువారిలో ప్రథముడుగను, బృందగాయకులకు పాఠము చెప్పు సహాయకుడుగను కుదిరెను. అప్పటికి అతని వయస్సు పందొమ్మిదేండ్లు. ఒక సంగీతసభను నడుపుటకు కోల చేతబట్టిన అనుభవము అతనికి లేదు.

ఆ సమాజమునకు వాద్యనాయకుడుగా బ్రెజిల్ దేశీయుడగు లియోపోల్డో మిగ్వేజ్ అను ఆయన నియమింపబడెను. ఇటాలియనులకును ఆయనకును పొసగలేదు. ఆయన నడుపు విధము తమకు నచ్చలేదని గాయకులు, వారు తనకు సహకరింపలేదని ఆయన. తుదకు రియో ది జనీరో నగరమున ప్రదర్శనము జరుగవలసిన సమయమున ఆయన పదవి మానుకొని, తన ఫిర్యాదును పత్రికలకు తెలియజేసెను. దోషము ఎవరియం దెంతయున్నదో తూచుట మా పని కాదు. తమ దేశపు సంగీతజ్ఞుని పరదేశీయులు అవమానించిరని నగరవాసులు తలచిరి. ప్రేక్షకులు కోపముతోనే నాటకశాలకు వచ్చిరి.

1886వ సంవత్సరము జూన్ 30వ తేదీ రాత్రి. ఆడవలసినది వెర్డీ మహాశయుడు రచించిన ఐదా. పూర్వ ఐగుప్తుదేశమున దాసిగా నున్న ఒక రాచకన్య కథ యది. నాలుగంకములు, గాయకులు, బృందములు, తూర్యములు, నృత్యములు, అలవాటుపడిన నాయకునికే కష్టమైన కృతి. మొదట సహాయక వాద్యనాయకుడగు కార్లో సూపెర్తి కోల చేతబట్టి వచ్చెను. ప్రేక్షకులు ఈలలు వేసి, కేకలు పెట్టి, అతనిని నిలువనీయలేదు. పిమ్మట బృందగాయకుల ఉపాధ్యాయుడగు అరిస్తీదె వెంతూరి ప్రయత్నించెను. అతనికిని అదే గతి పట్టెను. తెర వెనుక వేషములు వేసికొన్న నటీనటులు నిలిచియుండిరి. ఆ రాత్రి ఆట నిలిచిపోయినచో టిక్కెట్ల సొమ్ము తిరిగి ఈయవలెను. మరునాటి ఆటకు ఎవరు వత్తురు? ఇంటికి పోవలెనన్న నడుమ నున్నది అట్లాంటికు మహాసముద్రము.

అప్పుడు గాయకులకు ఆ చెల్లో వాయించు పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. పాఠము చెప్పునపుడు అతడు పుస్తకము చూడడనియు, ఐదా యంతయు అతనికి కంఠస్థమనియు వారెరుగుదురు. అందరును చుట్టుముట్టి వేడుకొనిరి. అతడు వెంటనే ఒప్పుకొనలేదు. పెద్దలిరువురు అవమానముతో దిగివచ్చిన పీఠముమీదికి పందొమ్మిదేండ్లవాడు సంతోషముతో ఎగిరి దూకునా? కాని తుదకు తోటివారి దైన్యము చూచి లేచెను. రాత్రి 9 గంటల 15 నిమిషములకు టోస్కనీని తన చెల్లోను విడిచి, కోలను చేతబట్టి పీఠమెక్కెను.

ప్రేక్షకులు చూచిరి. మీసములు సరిగా రాని కుఱ్ఱవాడు. ఆశ్చర్యముచేత ఒక క్షణము నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దమే అతనికి చాలెను. ఎదుటనున్న స్వరపుస్తకమును చూడక నాటకమును ప్రారంభించెను. ఏ వాద్యము ఎప్పుడు ప్రవేశింపవలెనో దానివైపు తిరిగి సైగ చేయును. ఏ గాయకుడు ఊపిరి పీల్చవలెనో అతనికై ఆగును. బృందగాయకుల వంతు రాకముందే వారివైపు చేయి యెత్తును. వాద్యకారులు ఆ చేతిని నమ్మిరి. నిమిషములు గడచినకొలది కోపముతో వచ్చిన జనము చెవి యొగ్గి వినసాగెను. రెండున్నర గంటల నాటకమును అతడు ఆద్యంతము జ్ఞాపకముననుండియే నడిపెను. ఈలలు వేసిన ఆ నాటకశాల కరతాళధ్వనులతో మారుమ్రోగెను. ఆ రాత్రి మొదలుకొని ఆ పర్యటనము ముగియువరకు ఆ సమాజపు నాటకములను అతడే నడిపెను.

ఇంతవరకు చదివిన విద్యార్థి, ఆహా, అదృష్టవంతుడని యనవచ్చును. మేమట్లు తలంపము. అదృష్టము ఆ రాత్రి ఆ నాటకశాలలోని వాద్యకారులందరి ముందును సమానముగానే నిలిచెను. దానిని చేపట్టగలిగినవాడు ఒక్కడే. ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానము మనము ఎరుగుదుము. అర్ధరాత్రి కేక వినబడిన తరువాత నూనెకై బజారునకు పోయినవారికి తలుపు మూయబడెను. టోస్కనీని తన సిద్దెను పార్మా వసతిగృహములోనే, మాంసము మాని నింపుకొనియుండెను.

అయితే ఆ రాత్రికంటెను మాకు ఎక్కువ ఇష్టమైన భాగము దాని తరువాతిది. ఇటలీకి తిరిగివచ్చి, 1886 నవంబరులో ట్యూరిన్ నగరమున కతలానీ రచించిన ఎద్మేయా అను నాటకమును నడిపి మరల కీర్తి పొందెను. అట్టివాడు ఇక చెల్లో ముట్టునా యని మనము తలంతుము. ముట్టెను. వెర్డీ తన వార్ధక్యమున రచించిన ఒతెల్లో 1887 ఫిబ్రవరి 5వ తేదీన మిలాను నగరమందలి లా స్కాలా నాటకశాలలో ప్రథమముగా ప్రదర్శింపబడెను. ఆ మహారచయితను దగ్గరనుండి చూచి నేర్చుకొనుటకై టోస్కనీని అచట రెండవ చెల్లోవాద్యకారుడుగా కూర్చుండెను. అభ్యాససమయమున వెర్డీ వచ్చి, రెండవ చెల్లో మిక్కిలి మెల్లగా పలుకుచున్నదనియు, ఇంకను గట్టిగా వాయింపవలెననియు చెప్పెనట. సముద్రమున కావల ఒక నాటకశాలను గెలిచివచ్చినవాడు ఆ దిద్దుబాటును తల వంచి స్వీకరించెను. ఆ నాటకము విన్న ఉత్సాహముతో పార్మాకు పోయి, నిద్రించుచున్న తల్లిని లేపి, వెర్డీ గొప్పతనము ఎదుట మోకరింపుమని బలవంతపెట్టెనని కూడ చెప్పుకొందురు. పై పీఠమునుండి దిగి క్రింది కుర్చీలో కూర్చుండి నేర్చుకొనగలవాడే మరల పై పీఠమునకు తగినవాడు.

తరువాతి వృత్తాంతమును సంక్షేపముగా చెప్పెదము. 1892లో లియోంకవల్లో రచించిన పల్యాచ్చీని, 1896లో పుచ్చీనీ రచించిన లా బొహేమ్‌ను ప్రథమముగా లోకమునకు వినిపించినది ఇతడే. 1897లో కార్లా యను కన్యను వివాహమాడెను. 1898లో, ముప్పది యొకటవ యేట, లా స్కాలాకు ముఖ్య వాద్యనాయకుడయ్యెను. అచట అతడు చేసిన సంస్కరణములు మన నాటకప్రియులకు వినదగినవి. ఆట సాగుచుండగా ప్రేక్షకులున్న చోట దీపములు తగ్గింపవలెను. స్త్రీలు వెనుకవారికి అడ్డముగానుండు పెద్ద టోపీలు తీయవలెను. పాడినదానినే మరల పాడుమని కోరరాదు. మన పద్యనాటకములలో వన్స్‌మోర్ అని కేకలు వేసి చచ్చిన పాత్రను లేపి మరల పాడించుట చూచినవారికి ఈ మూడవ నియమము ఎంత కష్టమైనదో తెలియును. 1903లో ప్రేక్షకులు పట్టుబట్టి రెండవమారు పాడుమని గోల చేయగా, అతడు కోల విడిచి వెడలిపోయెను. 1908లో అమెరికాకు పోయి, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరాలో తన మొదటి రాత్రికి అదే ఐదాను నడిపెను.

1926 ఏప్రిలు 25వ తేదీ మరియొక రాత్రి చెప్పదగినది. పుచ్చీనీ తన కడపటి నాటకమగు తురందోత్‌ను ముగింపకయే 1924లో మరణించెను. మిగిలిన భాగము వేరొకరిచే పూరింపబడెను. ప్రథమ ప్రదర్శనమున టోస్కనీని, మిత్రుని చేతివ్రాత ఎచట నిలిచెనో అచటనే వాద్యమును నిలిపి, ఇచట ఆయన మరణించెనని సభకు తెలిపి, కోలను క్రింద పెట్టెను.

రాజకీయములయందు అతడు మొదట పొరబడెను. 1919లో ముస్సోలినీ పక్షమున ఎన్నికలలో అభ్యర్థిగా నిలిచెను; ఓడిపోయెను. ఆ పక్షపు నిజస్వరూపము తెలిసిన పిమ్మట దానిని విడిచి ఎదిరించెను. 1931 మే 14వ తేదీన బొలోన్యా నగరమున ఒక సంగీతసభకు ముందు ఫాసిస్టు గీతమును వాయింపుమని అధికారులు కోరగా నిరాకరించెను. నాటకశాల వాకిటనే ఫాసిస్టు యువకులు ఆ అరువది నాలుగేండ్ల వృద్ధుని ముఖముమీద కొట్టిరి. అయినను అతడు లొంగలేదు. 1933లో జర్మనీ యందు యూదులగు సంగీతజ్ఞులను బాధించుచుండుట చూచి, బైరాయిట్ ఉత్సవమునకు పోనని తెలిపెను. అంతటితో ఊరకొనక, అట్లు వెడలగొట్టబడిన యూదులతో పలస్తీనాయందు నూతనముగా నేర్పడిన వాద్యబృందమును 1936 డిసెంబరు 26వ తేదీన టెల్ అవీవ్ నగరమున నడిపెను. అందులకు ప్రతిఫలము పుచ్చుకొనలేదు; దారిఖర్చులు కూడ తానే పెట్టుకొనెను. అన్యాయమును నోటితో ఖండించువారు అనేకులు. దానికై తన చేతి సొమ్మును వ్యయపరచువారు కొందరే.

అతనియందు దోషములు లేవని మేము చెప్పము. ముఖ్యముగా కోపము. అభ్యాససమయమున తప్పు వినబడిన కోల విరుచును, పుస్తకములు విసరును, వాద్యకారులను కఠినముగా దూషించును. తనకు తాను క్షమించుకొననివాడు గనుక ఇతరులను గూడ క్షమింపలేదని అతని మిత్రులు సమర్థింతురు. ఆ సమర్థన మాకు సంపూర్ణముగా రుచింపదు. బెత్తము చేతనుండుట కోపమునకు అధికారపత్రము కాదు. ఈ మాట మేము విద్యార్థులకంటె ముందు మాకే చెప్పుకొనుచున్నాము. అయినను అతని మెత్తదనమునకును ఒక కథ కలదు. ఒక వాద్యకారుడు సభకు ముందు పరుగున వచ్చి, తన బస్సూన్ వాద్యమున ఒక మీట విరిగినదనియు, ఒక మంద్రస్వరము పలుకుటలేదనియు మొరపెట్టుకొనెనట. టోస్కనీని కన్నులు మూసి కొంతసేపు ఆలోచించి, ఆ రాత్రి ఆ స్వరము అతని వంతులో ఎచటను రాదు గనుక భయపడవలదని చెప్పెనట.

1937 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు రాత్రి, అతనికొరకే అమెరికాలో ఏర్పరచిన ఎన్.బి.సి. వాద్యబృందమును నడిపెను. రేడియోమూలముగా అతని సంగీతము సామాన్యుల యిండ్లకు చేరెను. యుద్ధమున బాంబులకు కూలిన లా స్కాలాను మరల కట్టినపుడు, 1946 మే 11వ తేదీన తెరిపించినవాడును అతడే.

కడపటి సభ 1954 ఏప్రిలు 4వ తేదీన న్యూయార్కులో జరిగెను. అప్పటికి అతని వయస్సు ఎనుబది యేడు. వాగ్నరు కృతి నడుచుచుండగా, అరువది యెనిమిది సంవత్సరములు ఎన్నడును ద్రోహము చేయని ఆ జ్ఞాపకశక్తి ఒక్కసారిగా తప్పెను. చేయి ఆగెను. కోల సైగ లేక వాద్యకారులు తడబడిరి. కొంతసేపటికి తేరుకొని, మిగిలిన భాగము ముగించి, చప్పట్లకు నిలువక అతడు దిగిపోయెను. మరల ఎన్నడును ప్రజల యెదుట పీఠమెక్కలేదు. 1957 జనవరి 16వ తేదీన న్యూయార్కులో పరలోకగతుడయ్యెను. దేహమును మిలానునకు కొనిపోయి సమాధి చేసిరి. తొలి రాత్రి అతనిని లేవనెత్తిన వరమే తుదిరాత్రి అతనిని విడిచెను. వరమిచ్చినవాడు దానిని తిరిగి పుచ్చుకొనువాడు కూడ నగును. నడుమనున్న కాలమున దానిని పాతిపెట్టక వాడుట మాత్రమే మన చేతిలోనిది.

ప్రియ విద్యార్థులారా, మీలో అందరును లోకప్రసిద్ధులు కానేరరు, కానక్కరలేదు. కాని ప్రతివానికిని ఒక రాత్రి తొమ్మిదింబావు గంట కొట్టును. పొరుగువాడు జబ్బుపడి అతని పని చేయువారు కావలసివచ్చును. తండ్రి లేని యింట పెద్దకుమారుడు లెక్కలు చూడవలసివచ్చును. ఉపాధ్యాయుడు రాని తరగతిలో చిన్నపిల్లలకు పాఠము చెప్పవలసివచ్చును. అప్పుడు చదువుకొందమనిన సమయముండదు. పరీక్షకు అక్కరలేని పుటలను గూడ చదువుడు. మీ వంతు మాత్రమేగాక పక్కవాని వంతు కూడ వినుడు. పిలిచినపుడు లేవుడు, పని ముగిసిన పిమ్మట మరల మీ కుర్చీలో కూర్చుండి నేర్చుకొనుటకు సిగ్గుపడకుడు. వచ్చు సంవత్సరము హార్మోనియము వాయించువారు రాని ఉదయమున, మేము మరల వేదికమీదనుండి అడుగుదుము.